లైటు మాత్రం వెలుగుతుందండీ!

“పరీక్షించలేదు. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నాం. వాపసు తీసుకోబడదు.”

పాత వీడియో గేమ్ కన్సోళ్లకు తగిలించే సెకండ్ హ్యాండ్ యాడ్-ఆన్ ఏది కొనబోయినా ముందుగా వినిపించే మంగళాచరణం ఇది. అమ్మేవాడి ఇంట్లో కరెంటు ఉంది. ప్లగ్గు ఉంది. టీవీ ఉంది. ఫొటోలు తీయడానికి ఫోనుంది. నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. తుడిచి, తళతళలాడించి, దీపం వెలుగులో పెట్టి మరీ తీశాడు. ఒక్కసారి ప్లగ్గు పెట్టి చూడ్డానికి మాత్రం పాపం తీరిక చిక్కలేదు!

నమ్ముదామా? పెట్టి చూశాడు మహాశయా. పనిచేయలేదు. అందుకే ‘పరీక్షించలేదు’. పనిచేసి ఉంటే ఊరుకునేవాడా? ఆట నడుస్తున్న వీడియో తీసి, ధర రెట్టింపు చేసి, ‘అరుదైనది’ అని నెత్తిన కిరీటం పెట్టి మరీ అమ్మేవాడు.

వీడికంటే ఒక మెట్టు పైన ఇంకొకడుంటాడు. “పరీక్షించాం సార్. లైటు వెలుగుతోంది.” లైటు! ఎర్ర బల్బు వెలిగినందుకు పరికరం పనిచేస్తున్నట్టట. డిస్కు తిరుగుతోందా అంటే తెలియదు. బొమ్మ వస్తోందా అంటే సరైన తీగ లేదు. ధ్వని వస్తోందా అంటే మౌనం. బల్బు వెలగడమే ఆరోగ్యానికి గుర్తయితే మన ఆసుపత్రుల్లో డాక్టర్లెందుకు?

ఇంతకీ ఈ మోసం అమ్మేవాడితో మొదలవలేదు. వాడు మూడో తరం వారసుడు. మూలపురుషులు టోక్యోలోనూ, క్యోటోలోనూ, అమెరికాలోనూ ఎయిర్ కండిషన్ గదుల్లో కూర్చుని ఉన్నారు. “మీ పాత కన్సోల్ పారేయక్కర్లేదు, ఈ కొసరు తగిలిస్తే చాలు, కొత్తదైపోతుంది” అని దశాబ్దాల తరబడి చెవిలో పువ్వులు పెట్టినవారు వాళ్లు.

సెగా కంపెనీ యాడ్-ఆన్ 32ఎక్స్ సంగతే చూడండి. పాత సామాను బజారులో దీనికున్నంత గౌరవం మరో దానికి లేదు. 1994 నవంబరు 21న అమెరికాలో విడుదలైంది. ధర సుమారు 160 డాలర్లు. ఇంట్లో ఉన్న సెగా జెనెసిస్ కన్సోల్ నెత్తిన దీన్ని దిగేస్తే 16 బిట్ల యంత్రం 32 బిట్లదైపోతుందన్నారు. లోపల రెండు హిటాచీ ప్రాసెసర్లు. భవిష్యత్తు మీ ముంగిట్లో, అదీ సగం ధరకే. మొదట్లో జనం ఎగబడ్డారు.

మర్నాడేమైందో తెలుసా? నవంబరు 22న అదే సెగా జపాన్‌లో ‘శాటర్న్’ అనే సరికొత్త కన్సోల్ విడుదల చేసింది. ఒక్క రోజు తేడా! పెళ్లిపీటల మీద కూర్చోబెట్టి, తాళి కట్టకముందే పక్కవీధిలో ఇంకో సంబంధం ఖాయం చేసుకున్నట్టు. పైగా 32ఎక్స్ క్యాసెట్లు శాటర్న్‌లో పనిచేయవు. అయితే ఆటలు తయారుచేసే కంపెనీలు దేనికి తయారుచేయాలి? పుట్టినరోజునే పెద్దకర్మకు సిద్ధమైనదానికా, కొత్తదానికా? వాళ్లు తెలివైనవాళ్లు. 32ఎక్స్‌కు వచ్చిన ఆటలు మొత్తం కలిపితే 40 దగ్గర ఆగిపోయాయి. 1996 నాటికి కథ కంచికి. చివర్లో దుకాణాలు దాన్ని 20 డాలర్ల లోపుకే వదిలించుకున్నాయి. జెనెసిస్, 32ఎక్స్ రెండూ ఒకే డబ్బాలో పెట్టి ‘నెప్ట్యూన్’ తెస్తామని కూడా ఊరించారు. అది రానే లేదు.

అప్పుడు 20 డాలర్లకు వద్దన్నదాన్ని ఇప్పుడెందుకు ఎగబడి కొంటున్నాం? ఎందుకంటే ‘అరుదు’. ఎందుకు అరుదైంది? తర్వాత ఎవరూ కొనలేదు గనుక. ఎందుకు కొనలేదు? పనికిమాలింది గనుక. పనికిమాలింది గనుక కొనలేదు, కొనలేదు గనుక అరుదు, అరుదు గనుక ఖరీదు. ఈ తర్కం మీ అబ్బాయి పరీక్ష పేపర్లో రాస్తే మాస్టారు గుండు సున్నా పెడతారు. బజారు మాత్రం నూటికి నూరు వేసింది.

సరే, ముచ్చటపడి కొన్నారనే అనుకుందాం. ఇంటికొచ్చింది. డబ్బా విప్పారు. నల్లటి పుట్టగొడుగు ఒకటి చేతికొచ్చింది. ఇప్పుడేం చేయాలి? దీనికి సొంత పవర్ అడాప్టర్ కావాలి. కింద ఉన్న జెనెసిస్‌కు దాని అడాప్టర్ దానికే. జెనెసిస్ పక్కన సెగా సీడీ డ్రైవు కూడా తగిలించే మహానుభావులైతే దానికీ ఇంకోటి. ఒక్క ఆట ఆడటానికి మూడు ఇటుకలు గోడకు వేలాడాలి! అంతటితో అయిందా? జెనెసిస్ వెనక నుంచి బొమ్మను తెచ్చి 32ఎక్స్‌లోకి పంపే పొట్టి తీగ ఒకటుంటుంది. ఆ తీగ లేకపోతే ఆట తెర మీదికి సరిగా రాదు. జెనెసిస్ మొదటి మోడలా, రెండోదా అన్నదాన్ని బట్టి ఆ తీగ కూడా మారుతుంది. సెకండ్ హ్యాండ్ అమ్మకాల్లో మాయమయ్యే మొట్టమొదటి వస్తువేది? ఆ తీగే! యంత్రం ఉంటుంది, తీగ ఉండదు. తీగ గురించి అడిగితే “అది విడిగా దొరుకుతుంది కదండీ” అంటాడు. దొరుకుతుంది. దాని ధర విన్నాక మీరే దొరకరు.

అడాప్టర్ల మీద ఇంకొక్క ముక్క. మొదటి జెనెసిస్ పిన్నులో మధ్యభాగం మైనస్. రెండో జెనెసిస్, 32ఎక్స్‌లలో మధ్యభాగం ప్లస్. నింటెండో వారి ఎన్ఈఎస్ కన్సోల్ అడాప్టర్ అయితే అసలు డీసీయే ఇవ్వదు, ఏసీ ఇస్తుంది. అది తెచ్చి ఇంకోదానికి గుచ్చారో, ‘పరీక్షించలేదు’ జాబితాలో మీదీ చేరిపోతుంది. ఇన్ని రకాల దరిద్రాలు ఒకే తరంలో సృష్టించిన ఇంజనీర్లకు ఏ బహుమతులిచ్చారో గానీ, వాళ్ల పుణ్యాన ఎన్ని బోర్డులు మాడిపోయాయో లెక్క రాసినవాడు లేడు.

మనవాళ్ల మాటేమిటంటారా? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బాబాయి కొడుకు సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెస్తాడు. “అన్నయ్యా, గరాజ్ సేల్‌లో దొరికింది, నీకోసమే!” అన్నయ్య మురిసిపోయి అడాప్టర్ తీసుకెళ్లి గోడ సాకెట్లో గుచ్చుతాడు. ఆ ఇటుక మీద 120 వోల్టులని రాసుంది. మన గోడలో 230. ఇప్పటి ఫోన్ చార్జర్ ఏ దేశంలోనైనా సర్దుకుపోతుంది. ఆనాటి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఆ పెద్దమనసు లేదు. ముందు వేడెక్కుతుంది, తర్వాత కంపు కొడుతుంది. కూకట్‌పల్లి ఫ్లాటులో ముప్పై ఏళ్ల సెగా చరిత్ర పొగై లేస్తుంది. జపాన్ నుంచి తెచ్చినదైతే ఇంకా త్వరగా. అక్కడ 100 వోల్టులే.

సెగాను ఒక్కదాన్నే ఆడిపోసుకుంటే నింటెండో అభిమానులు చంకలు గుద్దుకుంటారు. ఆగండి, మీ వంతూ వచ్చింది.

1986 ఫిబ్రవరి 21న నింటెండో జపాన్‌లో తన ఫ్యామికామ్ కన్సోల్‌కు తగిలించే ‘ఫ్యామికామ్ డిస్క్ సిస్టమ్’ విడుదల చేసింది. 15 వేల యెన్‌లు. ‘జెల్డా’ మొదటి ఆట దాంతోపాటే వచ్చింది. ఇకమీదట భవిష్యత్తంతా డిస్కులదే, క్యాసెట్ల కాలం చెల్లింది అన్నారు. డిస్కుకు రెండు వైపులా కలిపి 112 కిలోబైట్లు. అబ్బో! అదే ఏడాది జూన్‌లో క్యాప్‌కామ్ కంపెనీ ‘మకైమురా’ అనే ఆటను మామూలు క్యాసెట్‌లోనే 128 కిలోబైట్లతో తెచ్చిపెట్టింది. భవిష్యత్తుకు నాలుగు నెలలకే కాలం చెల్లింది! జనం కొన్న డిస్క్ డ్రైవులు జనం దగ్గరే ఉన్నాయి. కంపెనీ మెల్లగా మళ్లీ క్యాసెట్ల దారి పట్టింది. క్షమాపణ? అదేం జాతి పక్షి?

ఆ డ్రైవు ఇప్పుడు కొంటే ఏం దొరుకుతుంది? లోపల రబ్బరు బెల్టు ఒకటి ఉండేది. ఉండేది అనే అంటాను. ఏళ్లు గడిచేకొద్దీ అది కరిగి, నల్లటి తారుగా మారి, చక్రాల పళ్ల మధ్య అతుక్కుపోతుంది. తీసేవాడి వేళ్లకు అంటుకుని వదలదు. సబ్బుతో పోదు. స్పిరిట్‌తో, దూదితో, ఓపికతో పోతుంది. కొత్త బెల్టు వేస్తే అయిపోయిందా? డిస్కు చదివే తల ఎక్కడ మొదలుపెట్టాలో డ్రైవు మర్చిపోతుంది. మళ్లీ స్క్రూలు సడలించి, వెంట్రుకవాసి జరిపి, బిగించి, చూసి, తిట్టుకుని, మళ్లీ జరపాలి. అమ్మకం ప్రకటనలో ఇవన్నీ కలిపి ఏమని రాస్తారు? “చిన్న సర్వీసింగ్ అవసరం కావచ్చు.” కావచ్చట!

డిస్కుల కథ ఇంకా కమ్మగా ఉంటుంది. ఆ రోజుల్లో జపాన్ దుకాణాల్లో డిస్కులు తిరగరాసే యంత్రాలుండేవి. 500 యెన్‌లు ఇస్తే మీ డిస్కు మీద పాత ఆట చెరిపి కొత్తది రాసిచ్చేవారు. మంచి ఏర్పాటే, కాదనను. ఆ సేవను 2003లో మూసేశారు. ఫలితమేమిటి? ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మీరు కొన్న పసుపు డిస్కు మీద ఒక ఆట పేరుంటుంది. లోపల ఏముందో ఆ డిస్కును చివరిసారి దుకాణానికి తీసుకెళ్లిన పిల్లవాడికే తెలుసు. ఆ పిల్లవాడికిప్పుడు యాభై ఏళ్లు. చాలా డిస్కులకు మూత కూడా ఉండదు. అయస్కాంతపు పొర గాలికీ తేమకూ ఒళ్లప్పగించి నలభై ఏళ్లుగా కూర్చుంది. బూజు పట్టకపోతే ఆశ్చర్యపోవాలి. జెల్డా అని కొని గోల్ఫు ఆడుకోండి. లేదా గోల్ఫు అని కొని బూజు చూసుకోండి.

కన్సోళ్లలో ఆటను సీడీలోకి ఎక్కించిన మొదటి ఘనత పీసీ ఇంజిన్‌ది. 1988లో జపాన్‌లో దానికి సీడీరామ్ యాడ్-ఆన్ తెచ్చారు. గొప్ప పనే. అయితే ఆ డ్రైవు కదలడానికి ఆధారం చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం. అది పగులుతుంది. వేల యెన్‌ల వైభవం గోరంత ప్లాస్టిక్ ముక్క దగ్గర ఆగిపోతుంది. ఇక ఆ కాలపు కెపాసిటర్లు కారడం మొదలుపెడితే బోర్డు మీది రాగి దారులను తినేస్తాయి. పైకి కనబడదు. బోర్డు వేడెక్కినప్పుడు చేపల కంపు కొడుతుంది. ఫొటోలో వాసన రాదు కదా, అదే అమ్మేవాడి ధైర్యం.

మరి ‘రిపేర్ చేసినది’ అని రాసుంటే కొనొచ్చా? ఎవరు చేశారు? ఎప్పుడు? ఏం మార్చారు? బోర్డు ఫొటో ఉందా? ఈ నాలుగూ అడిగి చూడండి. “మా ఫ్రెండ్ ఒకతను చేశాడండీ, ఎలక్ట్రానిక్స్‌లో బాగా ఎక్స్‌పీరియన్స్” అని జవాబు. ఆ ఫ్రెండు టంకం కడ్డీతో చేసిన వీరంగం లోపల చూస్తే కళ్లు తిరుగుతాయి.

జపాన్‌లో హార్డ్ ఆఫ్ లాంటి సెకండ్ హ్యాండ్ దుకాణాలకు వెళ్తే ఒక బుట్ట కనబడుతుంది. దాని మీద ‘జంక్’ అని రాసుంటుంది. పనిచేస్తుందని ఎవడూ చెప్పడు. చవగ్గా అమ్ముతారు, వాపసు లేదంటారు. చెత్తను చెత్త అని చెప్పి చెత్త ధరకే ఇస్తారు. ఇదే సరుకు అక్కడ కొని, సముద్రం దాటించి, ‘జపాన్ నుంచి నేరుగా, అరుదైన ఒరిజినల్’ అని నాలుగింతలకు అమ్మేవాడిని ఏమనాలి? ఎగుమతిదారు అంటారట. సరే.

పాతకాలం వస్తువులు గనుక ఇలా అంటారా? కొత్త శతాబ్దానికి రండి. 2003లో నింటెండో గేమ్‌క్యూబ్ కింద తగిలించే ‘గేమ్ బాయ్ ప్లేయర్’ వచ్చింది. చేతిలో పట్టుకుని ఆడే ఆటలను టీవీలో ఆడొచ్చు. నిజంగా మంచి యంత్రం. ఒక్కటే మెలిక. అది నడవాలంటే చిన్న డిస్కు ఒకటి కన్సోల్‌లో పెట్టాలి. డిస్కు లేకపోతే ఆ యంత్రం నల్లటి పీట. ఇరవై ఏళ్లలో జనం యంత్రాన్ని దాచుకున్నారు, డిస్కును పోగొట్టుకున్నారు. ఇప్పుడు చాలా చోట్ల యంత్రం కన్నా డిస్కే ఖరీదు. అసలు కన్నా కొసరు ముద్దంటారు. ఇక్కడ కొసరుకు కొసరు ముద్దు! చివరికి అభిమానులే సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకుని ఆ పీటలకు ప్రాణం పోశారు. ఆ పని చేయాల్సింది ఎవరు? చేసింది ఎవరు?

మైక్రోసాఫ్ట్ వారి ఘనకార్యాలు కూడా ఆలకించండి. 2006లో ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవు, 199 డాలర్లు. 2008 ఫిబ్రవరిలో తొషీబా ఆ డిస్కులకే తిలోదకాలిచ్చింది. అదే నెలలో డ్రైవు కూడా అటకెక్కింది. 50 డాలర్లకు దులుపుకున్నారు. తర్వాత 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌తో పాటు కినెక్ట్ కెమెరాను 499 డాలర్లకు కట్టి మరీ అంటగట్టారు. ఇది లేనిదే కన్సోలే లేదన్నంత హడావుడి. ఏడాది తిరక్కుండా అది లేని కన్సోల్ 100 డాలర్లు తక్కువకు అమ్మారు. 2017లో కెమెరా తయారీ ఆపేశారు. తర్వాతి కన్సోళ్లకు దాన్ని తగిలించే చిన్న అడాప్టర్ ఉండేది. 2018లో దాన్నీ ఆపేశారు. అంతే, 40 డాలర్ల తీగముక్క సెకండ్ హ్యాండ్ బజారులో అసలు ధరకు కొన్ని రెట్లు పలికింది. కెమెరా చవక, దాన్ని తగిలించే తీగ బంగారం. ఏలినవారి లీలలు!

మన బాల్యం మాత్రం తక్కువ తిందా? మన ఇళ్లకొచ్చినవి నింటెండోలు కావు, దాని నకళ్లు. వాటితో వచ్చే క్యాసెట్ మీద ‘9999999 ఇన్ 1’ అని రాసుండేది. కోటికి ఒకటి తక్కువ! లోపల నిజంగా ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ అవే ఆటలు, వేరే పేర్లతో, వేరే లెవెల్ నుంచి. దాంతో పాటు బాతుల ఆటకు ఒక ప్లాస్టిక్ తుపాకీ. ఇప్పుడు పాత సామాను బజారులో ఆ తుపాకీ చూసి కళ్లు చెమర్చి కొనేవాళ్లున్నారు. కొనండి. ఇంటికెళ్లి కొత్త ఎల్ఈడీ టీవీ ముందు కూర్చుని కాల్చండి. ఒక్క బాతు చావదు. మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. తుపాకీ లోపలి కన్ను ఆ మెరుపు కోసం చూస్తుంది. డబ్బా టీవీలో అది అనుకున్న క్షణానికే మెరిసేది. ఇప్పటి టీవీ బొమ్మను ఆలస్యంగా వేస్తుంది. తుపాకీ చెడిపోలేదు, దాని లోకమే పోయింది. ఆ సంగతి అమ్మేవాడు చెప్పాడా? “కొత్తదానిలా ఉంది సార్, గీత కూడా లేదు” అన్నాడు. నిజమే. గీత లేదు, బాతూ చావదు.

అయితే ఏదీ కొనకూడదా? కొనొచ్చు. లోపల కదిలేది ఏదీ లేనిది కొనండి. నింటెండో 64 ఎక్స్‌పాన్షన్ ప్యాక్ చూడండి. 1998లో వచ్చింది. 4 మెగాబైట్ల మెమరీ, అంతే. మోటారు లేదు, బెల్టు లేదు, లెన్సు లేదు. ‘డాంకీ కాంగ్ 64’ ఆడాలన్నా, ‘మజోరాస్ మాస్క్’ ఆడాలన్నా అది ఉండాల్సిందే. చెప్పిన పని చేస్తుంది. ధరకూ పనికీ పొంతన ఉన్న అరుదైన కొసరు. ఒరిజినల్ అయితే మరీ నిశ్చింత. సెగా వారి పాత పవర్ బేస్ కన్వర్టర్ కూడా చెడదు. ఎందుకు చెడదో తెలుసా? లోపల పెద్దగా ఏమీ లేదు గనుక! సెగా పాత కన్సోల్ మాస్టర్ సిస్టమ్ ఆటలు నడిపే సరంజామా జెనెసిస్‌లోనే ముందే ఉంది. ఈ డబ్బా దానికి దారి మాత్రమే చూపిస్తుంది. మీ ఇంట్లోనే ఉన్న గదికి తాళంచెవి మీకే అమ్మారన్నమాట.

ఇక ధరల వైభోగం చూడాలంటే వేలంపాటకు వెళ్లాలి. నింటెండో, సోనీ కలిసి సూపర్ నింటెండోకు సీడీ జోడిద్దామనుకుని 1991లో తెగదెంపులు చేసుకున్నాయి. ఆ యంత్రం బజారుకు రానే లేదు. మిగిలిపోయిన నమూనా ఒకటి 2020 మార్చిలో అమెరికాలో వేలానికి వచ్చి 3 లక్షల 60 వేల డాలర్లు పలికింది. బయటపడిన కొత్తలో దాని సీడీ డ్రైవు పనిచేయలేదు, తర్వాత ఓ నిపుణుడు బాగుచేశాడు. దానికంటూ విడుదలైన సీడీ ఆట ఒక్కటి లేదు. ఆడటానికేమీ లేని ఆట యంత్రానికి అంత ధర! చరిత్ర గనుక అంటారు. ఒప్పుకుంటాను. కానీ దాన్ని చూసి అటక మీది ప్రతి తుప్పు డబ్బా తనను తాను చరిత్ర అనుకుంటోందే, అదీ బాధ.

నిజంగా ఆటే కావాలనుకునేవాళ్లకు ఇప్పుడు వేరే దారులున్నాయి. సెగా సీడీ పనంతా తానే చేసే ఫ్లాష్ క్యాసెట్లు దొరుకుతున్నాయి. ఫ్యామికామ్ డ్రైవు బదులు వేలెడంత బోర్డు చాలు. బెల్టు లేదు, తారు లేదు. మరి అసలు యంత్రాలు ఎవరు కొంటున్నారు? అద్దాల బీరువాలు. వాటికి పనిచేసేదైనా ఒకటే, పనిచేయనిదైనా ఒకటే. ధర నిర్ణయించేది బీరువా. మూల్యం చెల్లించేది ఆడుకుందామని కొన్న అమాయకుడు.

ఇదంతా గతజల సేతుబంధనం అనుకుంటున్నారా? 2024 నవంబరులో సోనీ పీఎస్5 ప్రో విడుదల చేసింది. అప్పటి ధర సుమారు 700 డాలర్లు. అందులో డిస్కు డ్రైవు లేదు. విడిగా కొని తగిలించుకోవాలి, అప్పుడు 80 డాలర్లు. నిలబెట్టే స్టాండు కూడా విడిగానే. విడుదలకు ముందే డ్రైవులు అయిపోయాయి. బ్లాకులో అమ్మేవాళ్లు వెంటనే దుకాణం తెరిచారు. ముప్పై ఏళ్లు గడిచినా కొసరు వ్యాపారంలో మార్పేమైనా వచ్చిందా?

వచ్చింది. ఆనాటి 32ఎక్స్‌కు తీగ దొరికితే చాలు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ పీఎస్5 డ్రైవును మొదటిసారి తగిలించాలంటే ఇంటర్నెట్‌కు కలపాలి. కంపెనీ సర్వర్ ‘సరే’ అనాలి. అప్పుడే జత కుదురుతుంది. 2050లో మీ మనవడు ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండ్‌లో ఇదే డ్రైవు కొంటాడు. మోటారు బాగుంటుంది, లెన్సు బాగుంటుంది, గీత కూడా ఉండదు. సర్వర్ ఉంటుందా? అమ్మేవాడిని అడగండి. ఏమంటాడో మీకు ఇప్పటికే తెలుసు.